నేవీ స్థలాల పక్కన మట్టిదారుల్లో మౌంటెన్ బైక్ తొక్కొచ్చా? విశాఖలో నా అనుభవం

మధురవాడకి కొత్తగా వచ్చామని, మౌంటెన్ బైక్ కొన్నామని, భీమిలి వైపు నేవీ స్థలాల పక్కన మట్టిదారుల్లో టైరు గుర్తులు కనిపిస్తున్నాయని, మనమూ వెళ్లొచ్చా, సెంట్రీ (కాపలా సైనికుడు) ఆపితే ఏం చేయాలి అని ఒకరు అడిగారు. నేను ఈ చుట్టుపక్కల చాలా ఏళ్లుగా తొక్కుతున్నాను కాబట్టి సూటిగా చెప్తాను. కంచెకి ఇవతల ఊరి బాటల్లో నిశ్చింతగా తొక్కండి, కంచె దాటొద్దు, కంచె లేని చోట అనుమానం వస్తే వెనక్కి తిరగండి. టైరు గుర్తు ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. అటు వెళ్లినవాళ్లు లోపల పనిచేసేవాళ్లు అయ్యుండొచ్చు, లేదా మీలాగే తెలియక వెళ్లి తిట్లు తిని వచ్చుండొచ్చు.

ఈ సందేహం చాలామందికి యూట్యూబ్ వీడియోలు చూశాకే వస్తుంది. ఇంగ్లాండ్‌లో సైన్యం శిక్షణ భూములు చాలా చోట్ల జనానికీ తెరిచే ఉంటాయి, ఆల్డర్‌షాట్ అనే సైనిక పట్టణం చుట్టుపక్కల అడవుల్లో సైకిళ్లు మామూలుగా తిరుగుతుంటాయి. కాల్పుల సాధన ఉన్నప్పుడు పగలు ఎర్రజెండా, రాత్రి ఎర్రదీపం పెడతారు, అవి కనిపిస్తే ఎవరూ లోపలికి పోకూడదు. జెండా దించేసిన చోట తొక్కుకుంటారు. మన దగ్గర అలాంటి పద్ధతి లేదు. ఇక్కడ రక్షణశాఖ భూమి అంటే ఆదివారమైనా, లోపల ఎవరూ కనిపించకపోయినా బయటివాళ్లకి ప్రవేశం లేనట్టే లెక్క.

విశాఖలో చిక్కేమిటంటే భూములన్నీ కలిసిపోయి ఉంటాయి. తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం ఇక్కడే, డాల్ఫిన్స్ నోస్ నుంచి భీమిలి దాకా నేవీ స్థలాలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి, వాటి మధ్యలో పల్లెలు, జీడితోటలు, సరుగుడు తోటలు, దేవస్థానం భూములు, అటవీశాఖ కొండలు. తొట్లకొండ మీది బౌద్ధారామం కూడా నేవీ వాళ్లు స్థావరం కోసం సర్వే చేస్తున్నప్పుడే బయటపడింది, అంటే ఈ కొండల మీద ఎవరెవరికి పని ఉందో ఆలోచించండి. గంటసేపు తొక్కితే ముగ్గురు నలుగురు యజమానుల భూములు దాటేస్తాం. ఫోన్ మ్యాప్‌లో ఈ హద్దులు సరిగ్గా కనిపించవు, శాటిలైట్ బొమ్మలో సన్నటి బాట కనిపించగానే వెళ్లిపోదాం అనిపిస్తుంది.

అందుకే నేను మ్యాప్ కన్నా మేకలు కాసేవాళ్లని నమ్ముతాను. కొత్త బాట ఎక్కేముందు ఆగి, "మావయ్యా, ఇటు పోతే నేవీ వోళ్ల స్థలం వస్తుందా?" అని అడిగితే ఎక్కడ హద్దురాయి ఉందో, ఏ చెట్టు దాటితే ఈల వేస్తారో, ఏ రోజుల్లో లోపల చప్పుళ్లు వినిపిస్తాయో అన్నీ చెప్తారు. రోజూ అక్కడ బతికేది వాళ్లే కదా. పైగా మనం పద్ధతిగా అడిగితే ఊళ్లో సైకిల్ వాళ్ల మీద మంచి అభిప్రాయం ఉంటుంది, పొలంగట్ల మీద తొక్కుతూ పోతే ఉండదు.

ఇక సెంట్రీ ఆపడం గురించి. ఒకసారి తెల్లవారుజామున నేనూ, మా బావమరిదీ ఊరి బాటలోనే పోతుంటే మలుపు దగ్గర ఒకాయన చెయ్యెత్తి ఆపాడు. బాట ఊరిదే, కానీ ఆ రోజు ముందుకు వెళ్లనివ్వడం లేదు. దిగి, కళ్లద్దాలు తీసి, చేతులు కనపడేలా హ్యాండిల్ మీద పెట్టి నిలబడ్డాం. చాలా చోట్ల కాపలా ఉండేది డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ వాళ్లు, అందులో ఎక్కువమంది సైన్యంలో చేసి మళ్లీ చేరినవాళ్లు, తెలుగు రాకపోవచ్చు, వచ్చీరాని హిందీ అయినా సరే మర్యాదగా మాట్లాడితే చాలు. ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తున్నారు అని అడిగాడు, ఆధార్ చూశాడు, వెనక్కి వెళ్లమన్నాడు. "ఇది పబ్లిక్ రోడ్డు" అని వాదనకి దిగలేదు. నిజంగానే పబ్లిక్ రోడ్డు అయినా ఆ వాదన అక్కడ ఆయనతో పెట్టుకునేది కాదు, ఆయనకి ఆ రోజు వచ్చిన ఆదేశం అది. మరో దారి చూసుకున్నాం, అంతే. ఫోటో తీసి పెట్టడం, ఫోన్ వీడియో ఆన్ చేయడం మాత్రం చేయకండి, రెండు నిమిషాల్లో అయిపోయేది సాయంత్రం దాకా సాగుతుంది.

శిక్షణలో ఉన్న కుర్రాళ్లు బయటి రోడ్డు మీద కూడా ఎదురుపడతారు, వీపున బరువులతో వరసగా పరుగెడుతూ. వాళ్ల మధ్యలోంచి దూరి వెళ్లడం, వెనకనుంచి బెల్లు కొట్టడం చాలా తప్పు. అలసిపోయి ఉంటారు, పక్కకి తప్పుకోమంటే ఒకరి మీద ఒకరు పడతారు. మనమే దిగి పక్కకి నిలబడితే ఒక నిమిషం పోతుంది. చీకట్లో అయితే ఈ చుట్టుపక్కలకి అసలు వెళ్లకండి, సాధన చేసేవాళ్లు లైట్లు లేకుండా ఉండొచ్చు, మన హెడ్‌లైట్ వాళ్ల కళ్లలో కొడుతుంది, కాపలా వాళ్లకి మనం ఎవరమో తెలియదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ప్రకారం నిషేధిత ప్రదేశాల దగ్గరికి దేశభద్రతకి హాని చేసే ఉద్దేశంతో వెళ్లినా, పటాలు గీసినా నేరం, రక్షణ స్థావరాల విషయంలో శిక్ష 14 ఏళ్ల దాకా ఉంది. మీకు ఆ ఉద్దేశం లేదు, నాకు తెలుసు, కానీ ఆ మాట పోలీస్ స్టేషన్‌లో కూర్చుని నిరూపించుకునే పరిస్థితి ఎందుకు? అలాగే 1938లో వచ్చిన మరో చట్టం ఫైరింగ్ సాధనకి ప్రకటించిన ప్రమాద ప్రాంతంలోకి ఆ వేళల్లో మనుషుల్నీ పశువుల్నీ రానివ్వకుండా ఆపే అధికారం ఇస్తుంది. ఊళ్లో నోటీసు అంటించినా, పేపర్లో ప్రకటన వచ్చినా ఆ తేదీలకి ఆ వైపు మానేయండి.

హెల్మెట్ కెమెరా ఈ దారుల్లో ఇంట్లోనే వదిలేయండి. డ్రోన్ అయితే మాటే వద్దు, నేవీ స్థావరాల హద్దు నుంచి 3 కిలోమీటర్ల లోపల ఎగరేయకూడదని నేవీయే ప్రకటించింది. స్ట్రావా, అంటే మన పరుగూ సైకిల్ దారీ నమోదు చేసి అందరికీ చూపించే ఫోన్ యాప్, దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. 2017 చివర్లో ఆ కంపెనీ అందరి పరుగులూ సైకిల్ ట్రాక్‌లూ కలిపి ప్రపంచ పటం పెట్టింది, 2018 జనవరిలో చూస్తే అఫ్గానిస్తాన్, సిరియా లాంటి చోట్ల సైనిక స్థావరాల లోపలి దారులు వెలుగు గీతల్లా బయటపడ్డాయి, సైనికులు రోజూ పరుగెత్తిన దారులే అవి. మన ట్రాక్ ఒక్కటే కదా అనుకోవద్దు. మీరు హద్దు పక్కన తొక్కిన ముక్కకి పేరు పెట్టి సెగ్మెంట్ (ఎవరు తక్కువ టైములో దాటారో యాప్ పోల్చి చూపించే ముక్క) చేస్తే వచ్చే ఆదివారం పదిమంది టైమింగ్ కోసం అటే దూసుకొస్తారు. నేను ఆ వైపు వెళ్తే రైడ్‌ని ప్రైవేట్‌గానే ఉంచుతాను, మా గుంపులో అందరికీ అదే చెప్తాను.

ఎక్కడైనా నేలలో ఇనుప గొట్టం లాంటిదో, ఖాళీ తూటా లాంటిదో కనిపిస్తే తీయొద్దు, కాలితో తన్నొద్దు, గుర్తుగా ఇంటికి తెచ్చుకోవద్దు. పాతబడి తుప్పుపట్టినవి కూడా పేలొచ్చు. వచ్చిన దారినే దూరంగా వెళ్లి 112కి ఫోన్ చేసి చోటు చెప్పండి. చిన్నపిల్లలు వెంట ఉంటే ఇది ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లండి.

ర్యాంపుల కోసం మట్టి తవ్వడం, కొమ్మలు నరకడం ఎవరి భూమిలోనూ వద్దు. ముఖ్యంగా ఎర్రమట్టి దిబ్బల మీద సైకిల్ ఎక్కించకండి, అది జియోలాజికల్ సర్వే గుర్తించిన భూవారసత్వ ప్రదేశం, ఆ మట్టి ఎంత వదులంటే టైరు గాడి పడ్డ చోట వర్షం నీరు దారి చేసుకుని కోసేస్తుంది. కంబాలకొండ కూడా అభయారణ్యమే, అటవీశాఖ టికెట్ తీసుకుని వాళ్లు చూపించిన బాటలోనే ఉండాలి.

మొదట్లో మీరు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లి, లోపలికి ఊళ్లని కలిపే మట్టిరోడ్లలో తిరిగి రండి, తోటల మధ్య ఎత్తుపల్లాలు సరిపడా ఉన్నాయి. చేయి తిరిగాక కొండెక్కాలనిపిస్తే యారాడ ఘాట్ రోడ్డు ఉంది, కానీ అక్కడ తారురోడ్డే, పక్కన కనిపించే గేట్లూ బాటలూ మనవి కావు. ఏదైనా ర్యాలీ లాంటిది పెట్టాలనుకుంటే గేటు దగ్గర సెంట్రీని అడిగితే కుదరదు, ముందుగానే పోలీసులకీ, ఆ స్థావరం కార్యాలయానికీ రూటు వివరంతో రాతపూర్వకంగా ఇవ్వండి, జవాబు వచ్చేదాకా పోస్టర్ వేయకండి.