డాక్టర్ సలహా: పొద్దున బీచ్, రాత్రి పబ్బు.. ఆ ఒక్క రోజు షుగర్ గోలీలు బంద్ పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. మిర్యాలగూడలో రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. కొన్నేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసి ఉన్న గోలీ రెండు పూటలా వేసుకుంటున్నా. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిపి ఉన్నది పొద్దున ఒకటి. సంక్రాంతికి సిడ్నీలో ఉంటున్న ఇంటర్ దోస్తుల దగ్గరికి పోతున్నా. ఒక రోజు పొద్దున బోండై బీచ్‌లో ఈత, అక్కడి నుంచి కూజీ దాకా నడక, సాయంత్రం డార్లింగ్ హార్బర్, రాత్రి పబ్బులు అని ప్లాన్ చేశారు. పోయినసారి గోవాలో ఇట్లనే తిరిగి, తాగి పడుకుంటే తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి మాట తడబడింది. రాత్రిది ఇంకా దిగలేదేమోనని దోస్తులు నిమ్మరసం తాగిస్తే తేరుకున్నా. అందుకే ఈసారి ఆ ఒక్క రోజు గోలీలన్నీ బంద్ పెడదామనుకుంటున్నా. మంచిదేనా సార్?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే గోవాలో మీకు షుగర్ డౌన్ అయి ఉంటుంది. చెమటలు, వణుకు, తడబడే మాట, కారణం లేని కోపం.. ఇవి తాగిన మనిషిలోనూ, షుగర్ పడిపోయిన మనిషిలోనూ ఒకేలా కనిపిస్తాయి. పక్కనున్నవాళ్లు 'పడుకోనీ, దిగితే లేస్తాడు' అని దుప్పటి కప్పి వెళ్లిపోవడమే ఇందులో అసలు ప్రమాదం. మిమ్మల్ని లేపింది నిమ్మకాయ కాదు, అందులో కలిపిన చక్కెర. ఉప్పు వేసి ఇచ్చి ఉంటే ఆస్పత్రిలో తేలేవారు.

ఖాళీ కడుపున ఉన్నప్పుడు రక్తంలోకి చక్కెర వదిలే బాధ్యత లివర్‌ది. మద్యం పడ్డాక లివర్ ముందు దాన్ని వదిలించుకునే పనిలో పడి, కొత్తగా చక్కెర తయారు చేయడం తగ్గించేస్తుంది. మీ గ్లిమిపిరైడ్ మాత్రం మీరు తిన్నారా లేదా అని చూడదు, ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. పొద్దంతా ఈది, నడిచి ఒంట్లోని నిల్వ కూడా ఖర్చయి ఉంటుంది. ఈ మూడూ కలిసే దెబ్బ గ్లాసు చేతిలో ఉన్నప్పుడే తగలాలని లేదు. కొన్ని గంటలు గడిచాక, నిద్రలో, తెల్లవారుజామునా తగలొచ్చు. ఈ ముప్పు 24 గంటల దాకా ఉండొచ్చు.

మరి గోలీలు? అన్నీ ఆపడం తప్పు, ఎప్పటిలాగే అన్నీ వేసుకుని తాగడమూ తప్పే. షుగర్‌ను మరీ పడిపోయేలా చేసేది ప్రధానంగా గ్లిమిపిరైడ్. కానీ మీది కలిపి ఉన్న గోలీ కాబట్టి అది మానితే మెట్‌ఫార్మిన్ కూడా పోతుంది. ప్రయాణానికి ముందే మీ డాక్టర్‌ను కలిసి ఈ రెండూ విడివిడిగా రాయించుకోండి. ఆ సాయంత్రం గ్లిమిపిరైడ్ తగ్గించాలా, పూర్తిగా వదిలేయాలా అన్నది మీ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) రిపోర్టులు చూసి ఆయన చెప్తారు. క్రియాటినిన్ ఎక్కువుంటే మెట్‌ఫార్మిన్ మీద అతిగా తాగడం ఇంకో ప్రమాదం, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవచ్చు. బీపీ గోలీలోని హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో నీరు లాగేస్తుంది, చర్మాన్ని ఎండకు తేలిగ్గా కమిలేలా చేస్తుంది. ఆ కొద్ది రోజులకు వేరేది రాయొచ్చేమో అడగండి.

'అసలు తాగకండి' అని రాస్తే మీరు పక్కన పెట్టేస్తారని తెలుసు. అందుకే లెక్క చెప్తున్నా. ఆస్ట్రేలియాలో 10 గ్రాముల ఆల్కహాల్‌ను ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటారు. అక్కడ విస్కీ కొలత 30 మి.లీ. మన దగ్గర పెగ్గంటే 60. మన ఒక్క పెగ్గు వాళ్ల లెక్కలో రెండు, క్వార్టర్ సీసా అయితే ఆరు. సిడ్నీ పబ్బుల్లో బీరుకు స్కూనర్ అనే 425 మి.లీ. గ్లాసు వాడతారు, అది ఒకటిన్నరకు పైనే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఒక్క రోజులో నాలుగు దాటొద్దని అక్కడి ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్తున్నాయి. మీకు రెండు చాలు, అదీ భోజనంతో పాటు. జనవరిలో అక్కడ పొద్దుగూకేసరికి రాత్రి 8 దాటుతుంది. వెలుతురు ఉండగా ఆకలి వేళ గుర్తుకు రాదు. 7 కల్లా అన్నమో రొట్టెనో కడుపులో పడాలి. చిప్స్, వేయించిన పల్లీలు భోజనం కిందికి రావు.

గ్లూకోమీటర్ జేబులో ఉండాలి. ఈతకు ముందు ఒకసారి, పడుకునే ముందు ఒకసారి చూసుకోండి. 100 కన్నా తక్కువుంటే ఏదైనా తిన్నాకే నీళ్లలోకి దిగడమైనా, మంచమెక్కడమైనా. 70 కన్నా తక్కువైతే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకొని గానీ, మామూలు కోలా సగం డబ్బా గానీ తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. డైట్ కోలా పనికిరాదు. చాక్లెట్‌లోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. గ్లిమిపిరైడ్ మీద ఒకసారి పడిపోయిన షుగర్ మళ్లీ పడొచ్చు, కాబట్టి తేరుకున్నాక కూడా తినాలి, పక్కన ఒకరు మేలుకొని ఉండాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు ఒత్తిగిల్లబెట్టి అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 000కు ఫోన్ చేయాలి. ఈ నాలుగు మాటలూ మీ దోస్తుల్లో తాగని ఒకరికి ముందే చెప్పి పెట్టండి. సిగ్గుపడాల్సిన ముచ్చట కాదిది.

ఇక సముద్రం. మనకు సముద్రమంటే ఎప్పుడో సూర్యలంక దాకా వెళ్లి మోకాలి లోతులో ఫొటో దిగి రావడమే. బావిలోనో, సాగర్ కాలువలోనో ఈత నేర్చినవాళ్లకు ఆ ధైర్యమే చేటు. అలలు విరగకుండా, ముదురు రంగులో, చూడ్డానికి ప్రశాంతంగా కనిపించే పాయ ఉంటుంది. కొత్తవాళ్లు అక్కడే దిగుతారు. అదే లోపలికి లాక్కెళ్లే ప్రవాహం, రిప్ అంటారు. ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోవడమే తప్ప ముందుకు కదల్లేరు. తేలుతూ చెయ్యెత్తండి, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. 1938 ఫిబ్రవరి 6న ఇదే బోండైలో అలలు లాక్కెళ్తే లైఫ్‌సేవర్లు 200 మందికి పైగా బయటికి తెచ్చారు, అయినా ఐదుగురు చనిపోయారు. ఎరుపు, పసుపు రంగుల జెండాల మధ్యే దిగండి.

'నల్లగొండ ఎండలు చూసినోళ్లం, అదేం ఎండ' అనుకోకండి. ఒళ్లు కాల్చేది వేడి కాదు, అల్ట్రావయొలెట్ కిరణాలు. చల్లగాలి వీస్తుంటే ఆ సంగతి తెలియదు. బయటికి వెళ్లే 20 నిమిషాల ముందు ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్, ఒక్కో చేతికీ కాలికీ చెంచాడు చొప్పున రాయాలి. రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చాక మళ్లీ. కూజీ దాకా నడక 6 కిలోమీటర్లు, మధ్యలో మెట్లు, ఎత్తుపల్లాలు చాలానే ఉంటాయి. ఈత కొట్టిన రోజే అది వద్దు, ఇంకో రోజు పెట్టుకోండి. ఇసుకలో వట్టి కాళ్లతో నడవొద్దు. అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే బొబ్బ వచ్చినా తెలియదు, రాత్రి బూట్లు విప్పినప్పుడు బయటపడుతుంది. బ్లూబాటిల్ అనే, జెల్లీఫిష్ లాంటి నీలం రంగు సముద్ర జీవి కుడితే ఆ తీగలు తీసేసి, సముద్రపు నీటితో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో 20 నిమిషాలు ఉంచాలి. వెనిగర్, మూత్రం లాంటివి పోయొద్దు.

విమానంలో మందులు చేతి బ్యాగులోనే, ఇంగ్లిష్ ప్రిస్క్రిప్షన్‌తో పెట్టుకోండి. దిగేముందు ఇచ్చే ఫారంలో మందులు, అమ్మగారు కట్టిచ్చిన సకినాలు, పచ్చళ్లు అన్నీ రాయండి. అక్కడి టైం జనవరిలో మనకన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి గోలీని గడియారానికి కాకుండా భోజనానికి ముడిపెట్టండి. ఒక డోసు మీద వెంటనే ఇంకోటి వేసుకోవద్దు.

మీరు రాయలేదు గానీ, మన జిల్లాల డాక్టర్ అడగక తప్పని మాట ఒకటుంది. రోజూ కల్లు కంపౌండ్‌కు పోయే అలవాటుందా? ఉంటే ఇదంతా రెండో సంగతి. కల్లులో ఆల్ప్రాజోలం, డైజెపాం లాంటివి కలపడం ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండలకు కొత్త కాదు. వాటికి అలవాటు పడ్డ ఒళ్లు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, పిచ్చి మాటలు, కొందరికి ఫిట్స్ కూడా. సిడ్నీలో కల్లు దొరకదు, అక్కడి డాక్టర్‌కు ఈ సంగతి తట్టదు. అట్లాంటి అలవాటుంటే ప్రయాణానికి నెల ముందే వచ్చి కలవండి, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.