మోకాలి కట్టు విప్పకముందే

బిడ్డా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేసి నీ ఎమ్మారై రిపోర్టు చదివి వినిపించిండు. ఏసీఎల్, అదే మోకాలి లోపలి లిగమెంటు, పూర్తిగా తెగిందన్న మాట దగ్గర ఇద్దరికీ గొంతు పెగల్లేదు. ఆపరేషన్ సంగతి డాక్టర్లు చూసుకుంటరు. నేను రాసేది కాయితాల సంగతి. నీ కబడ్డీ టీమ్ వాళ్లు ‘రెండు లక్షలిస్తం, సెటిల్మెంటు కాయితం మీద సంతకం పెట్టు’ అంటున్నరట కదా. ఈ ఉత్తరం మొత్తం చదివేదాక పెన్ను ముట్టకు.

నా భుజం కథ నీకు సగమే ఎరుక. 1993లో నేనొక కంపెనీ జట్టుకు కాంట్రాక్టు మీద కబడ్డీ ఆడిన. రైడర్‌ను పట్టబోయి ఎడమ భుజం జారింది. మేనేజరు ఆస్పత్రికే వచ్చి, యాపిల్ పండ్ల సంచి మంచం మీద పెట్టి, నాలుగు వేల రూపాయల కవరు చేతికిచ్చి, ఇంగ్లిష్‌లో టైపు చేసిన కాయితం మీద సంతకం తీసుకున్నడు. ‘ఇక ముందు ఏ క్లెయిమూ చెయ్యను’ అని అందులో ఉన్నదని ఆరు నెలలకు గానీ తెల్వలేదు. అప్పటికి నాకు చెయ్యి తల పైకి లేస్తలేదు. ఆ ఎక్స్‌రే ఇంకా ట్రంకు పెట్టెలో ఉన్నది. చెమ్మకు తెల్ల మచ్చలు పడి ఎముక ఏదో మచ్చ ఏదో తెల్వకుండా అయింది. దాన్ని చూసినప్పుడల్లా కడుపు మండుతది. నీకు అట్ల కావద్దు.

అందుకే చెప్తున్న, ఎంత నష్టమైందో తేలకముందు సెటిల్మెంటు మాటే వద్దు. ఏసీఎల్ ఆపరేషన్ అయినంక మళ్లీ మ్యాచ్ ఆడాలంటే తొమ్మిది నెలలైనా పడ్తది. అప్పుడు గానీ మోకాలు ఎంత మిగిలిందో తెల్వదు. ఫోన్‌లో వాదించకు, మెయిల్‌లో రెండు ముక్కలు రాయి: ‘చికిత్స పూర్తయి, వైకల్య అంచనా వచ్చిన తర్వాతనే సెటిల్మెంట్ గురించి మాట్లాడగలను. అప్పటివరకు కాంట్రాక్టు ప్రకారం వైద్య ఖర్చులు చెల్లించగలరు.’ అంతే.

వైకల్య శాతం దగ్గరే చాలామంది మోసపోతరు. మెడికల్ బోర్డు డాక్టర్లు మోకాలికి ఇరవై శాతం అని రాసిండ్రనుకో, అవతలోళ్లు నీ సంపాదన నష్టం కూడా ఇరవై శాతమే అంటరు. ఒప్పుకోకు. 2010లో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో ఈ తేడా విడమరిచి చెప్పింది. ఎడమ చెయ్యి పోతే శరీర వైకల్యం అరవై శాతమే కావచ్చు; పోయినోడు డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే, గుమాస్తా అయితే అంత పోదు. నువ్వు రైడర్‌వి. మోకాలు తిరగకపోతే నీ కొలువే లేదు. సర్జన్‌ను అడిగి ‘పోటీ స్థాయి కబడ్డీ ఆడగలడా, ఎన్ని నెలల తర్వాత’ అన్నది స్పష్టంగా రాయించుకో. గత సీజన్ల కాంట్రాక్టులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దానికి జత చెయ్యాలె.

ఇక నువ్వు వాళ్ల ఉద్యోగివా కాదా అన్న పేచీ వస్తది. పోలీసులో, రైల్వేలో కొలువు చేస్తూ ఆడేటోళ్లకు ఈ చిక్కు తక్కువ. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. దేని కింద పోయినా ఉద్యోగి అని రుజువు కావాలె, రెండేండ్ల లోపల దరఖాస్తు పడాలె. నీ ఫారం 26ఏఎస్, అంటే నీ పేరు మీద కట్టిన ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క, తీసి చూడు. గత సీజన్లల్ల టీమ్ వాళ్లు నీ పైసల్లో కోసిన పన్ను (టీడీఎస్) 192 సెక్షన్ కింద కోసి ఉంటే జీతమన్నట్టు, 194జే అయితే ప్రొఫెషనల్ ఫీజన్నట్టు. రెండోదే ఉన్నా ఆశ వదలకు. ఎవరి మాట మీద ప్రాక్టీసుకు పోయినవు, సెలవు ఎవరిచ్చిండ్రు, ఇంకో జట్టుకు ఆడనిచ్చిండ్రా అన్నది కూడా చూస్తరు. కోచ్ వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటి కూడా చెరపకు.

నీ కాలు మ్యాట్ ముక్కల నడుమ సందులో ఇరుక్కున్నదని మీ బాపు అన్నడు. ఇది పెద్ద మాట, బిడ్డా. డిఫెండర్ పట్టుకు దెబ్బ తగిలితే ఆటలో ఉండేదే, ఒప్పుకొనే బరిలోకి దిగుతం. సందులు విడిన మ్యాట్‌కు మనం ఒప్పుకోలేదు. 1991లో లండన్‌లో మైఖేల్ వాట్సన్ అనే బాక్సర్‌కు రింగులో మెదడుకు దెబ్బ తగిలింది. రింగు పక్కన సరైన వైద్య ఏర్పాట్లు లేనందుకు అక్కడి బాక్సింగ్ బోర్డుదే బాధ్యత అని కోర్టు తేల్చింది. అది ఇంగ్లండు తీర్పు, మన కోర్టుకు కట్టుబాటు కాదు, కానీ వకీలు చూపించొచ్చు. ఆ మ్యాచ్ వీడియో ఇయ్యాల్నే సంపాదించు. పక్కన ఆడిన ఇద్దరితోటి చూసింది చూసినట్టు రాయించి తేదీ వేయించు. వచ్చే సీజన్‌కు వాళ్లకూ కాంట్రాక్టు కావాలె, అప్పుడు నోరు విప్పరు.

టీమ్ తీసిన ఇన్సూరెన్స్ పాలసీ పూర్తి కాపీ అడుగు. మీ బాపు తీసిన యాక్సిడెంట్ పాలసీలో వృత్తిగా ఆడే ఆటలకు మినహాయింపు ఉండొచ్చు, చాలా వాటిలో ఉంటది. అయినా సమాచారం వెంటనే ఇయ్యి. తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాయాలె. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ ఉన్నడు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాది లోపల పోవాలె.

వకీలు ఖర్చుకు మీ అవ్వ పుస్తెలతాడు తీస్తదేమో, తియ్యనీయకు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆదాయం తక్కువున్నోళ్లకు ఉచితంగా వకీలును పెడ్తరు. 15100కు ఫోన్ చేసి అడగొచ్చు.

బుధవారం పొద్దున పది గంటలకు హన్మకొండ అదాలత్ దగ్గర ఉంట. నువ్వు కదలకు, మీ బాపును నర్సంపేట బస్సు ఎక్కించు. కాంట్రాక్టు అసలు కాపీ, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లులు పంపు. ఎమ్మారై ఫిల్ములు మడత పెట్టనీయకు, కవర్లోనే తెమ్మను. జిరాక్సులు నేను తీయిస్త.

మీ పెద్దబాపు