తాబేలు పిల్లల తొట్టికి కిటికీ ఎండ సరిపోతుందా?

సరిపోదు, కడప ఎండైనా సరే, అద్దం దాటి వస్తే తాబేలు పిల్లకు అసలు పని జరగదు. డొప్ప గట్టిపడాలంటే కాల్షియం కావాలి, అది ఒంటికి పట్టాలంటే విటమిన్ డి3 ఉండాలి. ఎండలో ఉండే, కంటికి కనిపించని యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలు తగిలితేనే చర్మంలో ఆ విటమిన్ తయారవుతుంది. మామూలు గాజు వెలుతురునీ వేడినీ రానిస్తుంది గానీ యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది.

ఉదాహరణకు, ఎర్రచెవుల తాబేలు పిల్ల నెలల తరబడి కిటికీ పక్కనే ఉన్నా, డొప్ప గట్టిపడకపోగా అంచులు వేలికి మెత్తగా తగలొచ్చు. పైగా మే నెలలో ఆ నీళ్లు కాగిపోతాయి. పాపం, చిన్న తొట్టిలో అది ఎక్కడికి పోతుంది? నీళ్లు 25–27 డిగ్రీల మధ్య ఉండాలి.

అందుకే తొట్టిని నీడలో పెట్టండి. ఫిల్టరు, ఒళ్లంతా ఆరేలా ఎక్కి కూర్చోవడానికి ఒక రాయి, దాని పైన యూవీబీ లైటు తప్పనిసరి. లైటుకూ రాయికీ మధ్య గాజు మూత ఉండకూడదు. రోజుకు 10–12 గంటలు వెలగాలి.

వేడినిచ్చే మామూలు బల్బు పెట్టి యూవీబీ కూడా అందుతోందని చాలామంది పొరబడతారు. ఆ బల్బు వెచ్చదనమే ఇస్తుంది. రెండూ కావాలి.