క్రైస్తవుల దృష్టిలో నాగరికతలు కూలిపోవడానికి కారణం పాపమేనా?

పాపమే అని మా ఊరి సండే స్కూల్లో నేనూ నేర్చుకున్నాను. ఇప్పుడు మాత్రం అంత తేలిగ్గా అనలేను.

అప్పట్లో గోడ మీద బైబిల్లోని దానియేలు గ్రంథం 2వ అధ్యాయం చార్టు ఉండేది. బబులోను రాజు నెబుకద్నెజరు కలలో కనిపించిన ప్రతిమ అది, ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోయే రాజ్యాలకు గుర్తు. బంగారు తల బబులోను, వెండి రొమ్ము మాదీయ పారసీక రాజ్యం, ఇత్తడి పొట్ట గ్రీసు, ఇనుప కాళ్ళు రోమా. ఇనుమూ మట్టీ కలిసిన పాదాల పది వేళ్ళేమో యూరప్‌లోని పది దేశాలని చెప్పేవారు. తీరా 2014లో నేను చదువు కోసం జర్మనీ వెళ్ళేసరికి యూరోపియన్ యూనియన్‌లో 28 దేశాలున్నాయి! ఆ తర్వాత వేళ్ళు లెక్కపెట్టడం మానేశాను.

ఆ ఏడాదే బెర్లిన్ పెర్గమాన్ మ్యూజియంలో ఇష్తార్ ద్వారం చూశాను. నెబుకద్నెజరు కట్టించిన బబులోను గుమ్మం. తవ్వకాల్లో దొరికిన నీలం ఇటుక ముక్కలను ఏరి, అతికించి నిలబెట్టారు. చార్టులో బంగారు తలగా చూసిన మనిషి గోడ నిజంగా ఎదురుగా ఉంటే ఒళ్ళు జలదరించింది. ఆయన ఇటుకల మీద తన పేరు అచ్చు వేయించేవాడు. 1980లలో ఇరాక్ పాలకుడు సద్దాం హుస్సేన్ కూడా బబులోనును తిరిగి కట్టిస్తూ ఇటుకల మీద తన పేరు వేయించుకున్నాడు. 2003లో అమెరికా దండయాత్రతో ఆయన పాలన కూలిపోయింది.

గర్వపడితే పతనమే అని ఇక్కడే తేల్చేయొచ్చు. కానీ బైబిల్లోని యెషయా గ్రంథం తేల్చనివ్వదు. 10వ అధ్యాయంలో అష్షూరు (అస్సీరియా) సామ్రాజ్యం దేవుడు కోపంతో ఎత్తిన శిక్షాదండం, మళ్ళీ అక్కడే దాని గర్వానికి శిక్ష. 45వ అధ్యాయంలోనైతే యెహోవాను ఎరగని పారసీక రాజు కోరెషును (సైరస్) దేవుడే ‘అభిషిక్తుడు’, అంటే తాను ఎన్నుకున్నవాడు, అంటాడు. క్రీ.పూ. 539లో బబులోనును పట్టుకున్నది ఆయనే. గెలిచినవాడు భక్తుడు, ఓడినవాడు పాపి అనే లెక్క అక్కడ కుదరదు.

ఈ విషయంలో నా కళ్ళు తెరిపించింది అగస్టీను. 410లో గోతు తెగ రాజు అలారిక్ సేనలు రోమాను దోచుకున్నాయి. పాత దేవుళ్ళను వదిలేసినందుకే ఈ గతి పట్టిందని జనం క్రైస్తవులను ఆడిపోసుకున్నారు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణానికి బిషప్‌గా ఉన్న అగస్టీను 413లో జవాబు మొదలుపెట్టి 426 దాకా, ‘దేవుని నగరం’ అనే పేరుతో 22 భాగాలుగా రాశాడు. పాత దేవుళ్ళను కొలిచిన రోజుల్లో రోమాకు విపత్తులు రాలేదా అని ముందు నిలదీశాడు. న్యాయం లేని రాజ్యాలు పెద్ద దొంగల ముఠాలు కాక మరేమిటి అన్నాడు. అసలు దెబ్బ మాత్రం సొంతవాళ్ళకే తగిలింది. చక్రవర్తులు క్రైస్తవులయ్యారు కాబట్టి రోమాకు ఇక ఢోకా లేదనుకున్నవాళ్ళు చర్చిలోనూ ఉన్నారు మరి. దేవుని నగరమూ (దేవుణ్ణి ప్రేమించేవాళ్ళ సమాజం) లోక నగరమూ (తమనే ప్రేమించుకునేవాళ్ళ సమాజం) చివరిదాకా కలగలిసే ఉంటాయి, ఏ సామ్రాజ్యాన్నీ దేవుని నగరం అనుకోవద్దు అన్నది ఆయన వాదన. ఇప్పటి ‘క్రైస్తవ దేశాల’ గురించి మనవాళ్ళు గొప్పగా చెప్పినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

430లో వాండల్ తెగ సేనలు హిప్పోను ముట్టడించి ఉండగా ఆయన ఆ ఊళ్ళోనే చనిపోయాడు. ఆఖరి రోజుల్లో మంచం పక్క గోడకు చార్టులేమీ లేవు. దావీదు పశ్చాత్తాప కీర్తనలు రాయించి తగిలించుకున్నాడు, వాటినే చదువుకుంటూ ఏడ్చేవాడట.