క్యాన్సర్ ఆస్పత్రిలో నర్స్ నావిగేటర్: మా అమ్మాయికి ఈ దారి మంచిదేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం. క్యాన్సర్ ఆస్పత్రిలో 'నర్స్ నావిగేటర్' అవుతానంటోంది. నాలుగేళ్లు నర్సింగ్ చదివి, రోగులకు ఏ గది ఎక్కడుందో చెప్పే పనేమిటని మా దిగులు.
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: మీ దిగులు అర్థమైంది. కానీ ఆ పని గది చూపించడంతో అయ్యేది కాదండీ.

రొమ్ములో గడ్డతో ఒకావిడ ఊరి నుంచి వచ్చిందనుకోండి. బయాప్సీ ఒకచోట, స్కాన్ మరోచోట, ఆరోగ్యశ్రీ అనుమతి ఇంకో కౌంటర్లో. ఆపైన కీమో, ఆపరేషన్, రేడియేషన్‌కి ముగ్గురు వేర్వేరు డాక్టర్లు. మధ్యలో ఎక్కడో విసిగిపోయో, బస్సు చార్జీలకు డబ్బుల్లేకో ఇంటికెళ్లి మళ్లీ రాదు. తేదీ తప్పిన రోజే ఆమెకు ఫోన్ చేసి, అడ్డేమిటో కనుక్కుని తీర్చే మనిషే నావిగేటర్.

దానికి నర్సే ఎందుకంటారా? కీమో అయిన పదో రోజున ఆవిడే ఫోన్ చేసి 'కాస్త జ్వరంగా ఉందమ్మా' అంటుంది. తెలియనివాళ్లు పారాసిటమాల్ వేసుకోమంటారు. చాలా కీమో మందులకు ఏడు నుంచి పద్నాలుగో రోజు మధ్య ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోతాయని, అప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినా ప్రాణాపాయం కావచ్చని నర్సుకు తెలుసు. వెంటనే ఆస్పత్రికి రమ్మంటుంది. ఆ ఒక్క మాట కోసమే ఆ నాలుగేళ్ల చదువు.

1990లో న్యూయార్క్ హార్లెమ్‌లో సర్జన్ హెరాల్డ్ ఫ్రీమన్ ఈ పద్ధతి మొదలుపెట్టారు. అక్కడి పేద నల్లజాతి స్త్రీలు జబ్బు ముదిరాక వస్తుండటం చూసి చేసిన ఏర్పాటది. 2024 నుంచి అమెరికాలో వృద్ధులకు ప్రధానంగా ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఈ సేవకు విడిగా డబ్బు చెల్లిస్తోంది. మన దగ్గర ముంబయి టాటా మెమోరియల్‌లో 'కేవట్' పేరుతో ఏడాది డిప్లొమా ఉంది. రాముణ్ని గంగ దాటించిన పడవవాడి పేరది. ఎంత చక్కగా పెట్టారో!

అయితే ఒక మాట దాచను. ఆ డిప్లొమా నర్సులకే పరిమితం కాదు. మన ఆస్పత్రుల్లో ఇలాంటి పోస్టులింకా తక్కువే. 'కోఆర్డినేటర్' పేరుతో పిలిచి, రోజంతా బిల్లు అంచనాలు వేయించే చోట్లూ ఉన్నాయి. అందుకే చదువు కాగానే నేరుగా ఆ కుర్చీలో కూర్చోవద్దని అమ్మాయికి నా మాటగా చెప్పండి. ముందు నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్, తర్వాత కనీసం రెండేళ్లు కీమో వార్డులో డ్యూటీ. సూది గుచ్చేటప్పుడు, వాంతులయ్యాక నోరు తుడిచేటప్పుడు రోగికి ఏం చెప్పాలో అక్కడే వస్తుంది. ఆ తర్వాత ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఇన్ ఆంకాలజీ (క్యాన్సర్) నర్సింగ్ చేస్తే చేతిలో గట్టి అర్హత ఉంటుంది. రేపు అమెరికా వెళ్లాలనుకున్నా అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాశాక అడిగేది ఈ వార్డు అనుభవాన్నే.

ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న తప్పక అడగమనండి: 'చికిత్స మధ్యలో మానేసిన రోగికి ఇక్కడ ఎవరు ఫోన్ చేస్తారు?' 'మీరే' అంటే చేరమనండి.