ఇంట్లోనే వేసుకోగల బొమ్మలకు నాలుగేళ్ల కాలేజీ ఎందుకు?

ప్రశ్న: మాది సిద్దిపేట. మా బిడ్డ ఇంటర్ ఎంపీసీ ఫస్టియర్ పూర్తి చేసింది. మార్కులు బాగానే వస్తాయి. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేస్తుంది. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దు, విజువల్ ఆర్ట్స్ నేర్పే నాలుగేళ్ల డిగ్రీ బీఎఫ్‌ఏలో చేరతానంటోంది. వద్దని గట్టిగా చెప్పలేకపోతున్నాను, సరేనని ధైర్యంగా అనలేకపోతున్నాను. అసలు విజువల్ ఆర్ట్స్ అంటే ఏమేం వస్తాయి? ఇంట్లోనే బొమ్మలు నేర్చేసుకున్న పిల్లకు నాలుగేళ్లు కాలేజీలో కొత్తగా ఏం నేర్పుతారు? రాత్రిళ్లు ఇదే టెన్షన్.

జవాబు: ‘ఏం నేర్పుతారు’ అని అడిగినందుకు సంతోషమండీ. చాలామంది తల్లిదండ్రులు ‘ఉద్యోగం వస్తుందా’ అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఉద్యోగం సంగతి కూడా చెబుతాను. కానీ ముందు ఏం నేర్పుతారో తెలిస్తే, అందులో మీ అమ్మాయికి ఏది నప్పుతుందో మీకే కొంత తెలుస్తుంది.

కంటితో చూసి ఆనందించే కళలన్నీ విజువల్ ఆర్ట్సే. పుస్తకాల్లో దృశ్యకళలు అంటారు. పెన్సిల్ డ్రాయింగ్, పెయింటింగ్, శిల్పం, పలక మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చువేసే ప్రింట్‌మేకింగ్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ ఇందులోకి వస్తాయి. ప్రకటనలు, ప్యాకెట్లు, పుస్తకాల అట్టలు తయారుచేసే అప్లైడ్ ఆర్ట్ కూడా ఇందులోదే. భవన నిర్మాణ కళను, నేత, కుండ, బొమ్మల వంటి చేతిపనులను కూడా ఈ కుటుంబంలోనే కలుపుతారు. మీ ఊరికి దగ్గర్లోని చేర్యాలలో నకాషీ అనే సంప్రదాయ చిత్రకళ తెలిసిన కళాకారులు బట్ట మీద వేసే కథల పటాలు విజువల్ ఆర్టే. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మలూ అంతే.

ఇన్ని రకాలున్నా అన్నింటికీ ముడిసరుకు ఒకటే. గీత, ఆకారం, ఘనరూపం, వెలుగునీడ, రంగు, టెక్స్‌చర్, ఖాళీ జాగా. వీటినే కళ మూలాంశాలు అంటారు. మొదటి సంవత్సరమంతా దాదాపు వీటి మీదే సాధన ఉంటుంది. ఈ పేర్లు బట్టీ పట్టడానికి పది నిమిషాలు చాలు. వాటిని చూడగలిగే కన్ను రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. నాలుగేళ్ల కాలేజీ ఎందుకంటే అందుకే. మీ అమ్మాయి చేతికి ఇప్పటికే కొంత పని వచ్చు. కాలేజీలో తయారయ్యేది కన్ను.

గీత సంగతే తీసుకోండి. శ్రీకాళహస్తి కలంకారీలో వెదురు పుల్ల చివర గుడ్డ చుట్టి, దారంతో కట్టి కలం చేస్తారు. బట్టను ముందే కరక్కాయ, గేదె పాలు కలిపిన ద్రావణంలో తడిపి ఆరబెడతారు. బెల్లం, ఇనుప ముక్కలు నానబెట్టి పులియబెట్టిన నీటిలో ఆ కలాన్ని ముంచి గీస్తే, అది బట్టలోని కరక్కాయతో కలిసి నల్లగా తేలుతుంది. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. ఒకసారి పడిన గీతను రబ్బరుతో చెరిపే వీలు లేదు. అందుకే ఆ కళాకారుల గీతలో తడబాటు కనిపించదు. దేవుడి ముక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో కలం బట్టను తాకకముందే వాళ్లకు తెలుసు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద పదహారో శతాబ్దంలో వేసిన చిత్రాల్లోనూ బలం గీతదే. ఎరుపు, పసుపు వంటి మట్టి రంగుల చుట్టూ నల్లని గీత తిరుగుతూ చీర అంచును, కంటి కొసను పట్టి చూపిస్తుంది. వీలైతే మీ అమ్మాయిని ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. ఫోన్‌లో చూడటం వేరు, మెడ ఎత్తి గంటసేపు నిలబడి చూడటం వేరు.

వెలుగునీడ ఇంట్లోనే అర్థమవుతుంది. కిటికీ దగ్గర ఒక స్టీలు చెంబు పెట్టండి. ఉదయం చూస్తే ఒక పక్క తెల్లగా మెరుస్తుంది, మరో పక్క బూడిదరంగు. మధ్యాహ్నానికి మెరుపు చోటు మారుతుంది. గమనిస్తే నీడ ఉన్న పక్క కూడా అంచు దగ్గర సన్నగా వెలుగు ఉంటుంది, కింద గచ్చు మీద పడిన కాంతి తిరిగి చెంబుకు తగలడం వల్ల. పిల్లలు మొదట్లో ఆ వెలుగు గీయరు. కంటి ముందే ఉన్నా కనపడదు, చెంబు ఎలా ఉంటుందో ముందే తెలుసునని మనసు అనుకుంటుంది కాబట్టి. కాలేజీలో స్టిల్ లైఫ్ పేరుతో కుండలు, బట్టలు, సీసాలు పెట్టి రోజుల తరబడి గీయించేది ఈ అలవాటు వదిలించడానికే.

ఘనరూపం అంటే పొడవు, వెడల్పులతో పాటు లోతు కూడా ఉన్నది. శిల్పం దీని మీదే నిలబడుతుంది. అమరావతి స్తూపానికి చెందిన ఒక గుండ్రని రాతి ఫలకం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. మదమెక్కిన నాలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన కథ దాని మీద చెక్కారు. ఒకే వృత్తంలో ఒక పక్క ఏనుగు జనాన్ని చెల్లాచెదురు చేస్తుంటుంది, మరో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. అంగుళాల లోతున్న సున్నపురాయిలో ఆ శిల్పి వీధిని, మేడల మీది నుంచి చూసే మనుషులను, భయాన్ని, ఆ వెంటనే వచ్చిన నిశ్శబ్దాన్ని పట్టాడు. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. శిల్పం అంటే విగ్రహాలు పోతపోయడమేగా అనేవారికి నేను ఈ ఫలకం ఫొటోనే చూపిస్తాను.

రంగు గురించి తెలంగాణ వాళ్లకు నేను ఎక్కువ చెప్పనక్కర్లేదు. కరీంనగర్ ప్రాంతంలో పుట్టిన తోట వైకుంఠం బొమ్మల్లో ఎర్రటి, పచ్చటి చీరల ఆడవాళ్లు, పెద్ద బొట్లు చూసే ఉంటారు. రంగును నీరుగార్చకుండా ఎంత నిండుగా పెట్టవచ్చో ఆయన బొమ్మలు చూసి నేర్చుకోవచ్చు. మీ సిద్దిపేటకే చెందిన కాపు రాజయ్య డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తూనే మన పల్లె పండుగలను చిత్రాల్లోకి తెచ్చారు. ఆ పనిలో నకాషీ పద్ధతి ప్రభావం కనిపిస్తుంది. మీ ఊరి మనిషి అంత పేరు తెచ్చుకున్నారని మీ అమ్మాయికి తెలుసో లేదో అడగండి.

ఖాళీ జాగా గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. చేర్యాల పటాన్ని గమనించండి. ఎర్రని నేపథ్యం మీద అడ్డపట్టీలతో గళ్లు విడదీసి, ఒక్కో గడిలో కథలో ఒక్కో ఘట్టం వేస్తారు. కథ చెప్పేవాళ్లు పటాన్ని విప్పుతూ ఆ గడిని చూపిస్తూ పాడతారు. ఏ గడిలో ఎంతమంది పడతారు, ఎవరు పెద్దగా ఉండాలి, ఎంత చోటు వదలాలి, ఇదంతా లెక్కే. ఇవాళ యానిమేషన్ స్టూడియోల్లో స్టోరీబోర్డు, అంటే కథను వరుస బొమ్మలుగా, వేసేవాళ్లు చేసేది కూడా ఈ పనే. టెక్స్‌చర్ అంటే చేత్తో తాకితే ఎలా ఉంటుందో కంటికి తెలిసేలా చేయడం. గోనెసంచి గరుకు, పట్టు నునుపు లాంటివి.

మన పెద్దలు కూడా బొమ్మలు వేయడాన్ని శాస్త్రంగానే చూశారు. వాత్స్యాయనుడి కామసూత్ర గ్రంథానికి యశోధరుడు రాసిన వ్యాఖ్యానంలో చిత్రానికి ఆరు అంగాలు చెప్పాడు. రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. రూపాల మధ్య తేడా తెలియడం, కొలతలు, భావం, సొగసు, పోలిక, రంగుల వాడకం అన్నమాట. బీఎఫ్‌ఏలో కళాచరిత్ర పేపర్లో ఈ షడంగాలు మీ అమ్మాయికి ఎదురవుతాయి.

ఇక మీ ఇంటి సంగతికి వద్దాం. మీ అమ్మాయి పాత నోటుబుక్కులు, డ్రాయింగ్ షీట్లు అన్నీ ఒకచోట పెట్టి, ఆమెతో కలిసి తీరిగ్గా చూడండి. బాగుందా లేదా అని తీర్పు చెప్పకండి. వీటిలో ఏది ఆమెను ఎక్కువ లాగుతోందో చూడండి. పక్కపేజీల నిండా అక్షరాలను రకరకాలుగా రాసుకుంటూ, బొమ్మను, మాటను కలిపి ఏదో చెప్పాలని చూసే పిల్లకు అప్లైడ్ ఆర్ట్ నప్పుతుంది. ఒకే మనిషిని పది భంగిమల్లో వేసి, కథ అల్లేసే పిల్ల యానిమేషన్ వైపు చూడొచ్చు. మట్టి, సబ్బుబిళ్ల, సుద్దముక్క దొరికితే చెక్కుతూ కూర్చునే పిల్లను శిల్పం పిలుస్తున్నట్టే. రంగు దగ్గర గంటలు మరిచిపోతే పెయింటింగ్. ఇది తూకం వేసినట్టు తేలే లెక్కేమీ కాదు. కానీ ఇన్నేళ్లలో పిల్లల పుస్తకాలు తిరగేసి నేను ఇచ్చిన సలహాల్లో, మార్కులు చూసి ఇచ్చిన వాటికంటే ఇవే ఎక్కువ నిలబడ్డాయి.

ఒక్క జాగ్రత్త. ఫోన్‌లో హీరోల ఫొటోలు చూసి అచ్చుగుద్దినట్టు వేయడం నైపుణ్యమే, నేను తక్కువ చేయను. అయితే ఫొటోలో లోతును, వెలుగును కెమెరా అప్పటికే విడదీసి పెట్టేసింది. ఎదురుగా కూర్చున్న నానమ్మను చూసి వేస్తే ఆ పని పిల్ల తానే చేయాలి. ఒక కుర్రాడు నా దగ్గరకు వచ్చినప్పుడు అద్భుతమైన పెన్సిల్ పోర్ట్రెయిట్లు తెచ్చాడు. బల్ల మీది గ్లాసు చూసి వేయమంటే చేయి ఆడలేదు. బాధపడ్డాడు, కానీ ఆ రోజు నుంచి చూసి వేయడం మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి సీటు తెచ్చుకున్నాడు. ఎంట్రన్సుల్లో కూడా చాలావరకు ఫొటో సాయం లేకుండా వేయగలగడాన్నే పరీక్షిస్తారు.

హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ మీకు దగ్గర. 1940లో మొదలైన కళాపాఠశాలే పెరిగి, 2008లో యూనివర్సిటీ అయింది. ఇక్కడ అప్లైడ్ ఆర్ట్, పెయింటింగ్, శిల్పం, యానిమేషన్, ఫొటోగ్రఫీలలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ ఉంది. ఇంటర్ ఏ గ్రూపైనా ఫర్వాలేదు. ఎంట్రన్స్ పేరు ఎఫ్‌ఏడీఈఈ. అందులో జ్ఞాపకం నుంచి బొమ్మ వేయడం, రంగులు వేయడం, కళ గురించిన ఆబ్జెక్టివ్ ప్రశ్నలు ఉంటాయి. తేదీలు, పేపర్ల వివరాలు ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో, కడపలోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో కూడా ఈ చదువు ఉంది. బయటికి పంపగలిగితే శాంతినికేతన్ కళాభవన్, బరోడా ఎంఎస్ యూనివర్సిటీ, బెనారస్ హిందూ యూనివర్సిటీ మంచివి. చిత్తూరు ప్రాంతంలో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, పారిస్ వెళ్లారు. చిక్కదనంలో తేడా ఉన్న ఇంకులతో ఒకే లోహపు పలక మీద పలు రంగులు ఒకేసారి అచ్చువేసే పద్ధతిని అభివృద్ధి చేసినవారిలో ఆయన ముఖ్యులు. ప్రింట్‌మేకింగ్‌లో ప్రపంచమంతా ఆయన పేరు తెలుసు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఎఫ్‌ఏ ఉంది, డిగ్రీ తర్వాత అటు చూడొచ్చు.

డిజైన్ కోర్సులు వేరే దారి. వస్తువు, తెర, దుస్తులు ఎలా ఉండాలో ఆలోచించే చదువు అది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)కి సొంత పరీక్ష ఉంది. హైదరాబాద్ ఐఐటీతో సహా కొన్ని ఐఐటీల్లో బీడిజైన్‌కు యూసీడ్ అనే పరీక్ష రాయాలి. మీ అమ్మాయికి వస్తువుల వాడకం మీద ఆసక్తి ఉంటే ఇదీ ఆలోచించండి. ఎంపీసీ మాత్రం మార్చొద్దు. రేపు ఆర్కిటెక్చర్ మీద మనసు పడితే మ్యాథ్స్ కావాలి. సెకండియర్ మార్కులు పాడుచేసుకోవద్దని కూడా చెప్పండి. కళ కోసం చదువు వదిలేశానన్న పేరు ఆమెకు అవసరం లేదు.

ఉద్యోగం గురించి దాచకుండా చెబుతాను. అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ చేసినవాళ్లకు ప్రకటనల సంస్థలు, గేమింగ్, సినిమా గ్రాఫిక్స్ స్టూడియోలు, పుస్తక ప్రచురణ, యాప్‌ల డిజైన్ రంగాల్లో పని దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఈ రంగాలు ఉన్నాయి. పెయింటింగ్, శిల్పం వాళ్లకు నిలకడైన సంపాదన ఆలస్యంగా వస్తుంది. చాలామంది టీచింగ్‌తో జీవనం సాగిస్తూ తమ పని తాము చేసుకుంటారు. కేంద్రీయ విద్యాలయాల్లో ఆర్ట్ టీచర్ పోస్టులున్నాయి. సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్, మ్యూజియంలు, పాత చిత్రాల పరిరక్షణ కూడా దారులే. కాబట్టి పెయింటింగ్ ఎంచుకుంటే చదువైన తర్వాత మరో నాలుగైదేళ్లు ఇంటి నుంచి ఆసరా ఉంటుందా లేదా అన్నది ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. అమ్మాయి ఉండగానే మాట్లాడండి, ఆమెకూ లెక్క తెలియాలి.

కంప్యూటరే బొమ్మలు గీసేస్తోంది కదా అని కూడా ఈ మధ్య అడుగుతున్నారు. గీసిపెడుతోంది, నిజమే. కొన్ని చిన్న పనులు పోతాయి కూడా. కానీ వచ్చిన పది బొమ్మల్లో ఏది పనికొస్తుందో, వెలుగు ఎక్కడ తప్పిందో, చేయి ఎందుకు వంకరగా అనిపిస్తోందో చెప్పగలిగిన మనిషికి పని ఉంటుంది. అది చెప్పాలంటే ఆ చెంబు మీది వెలుగు తానే పట్టుకుని ఉండాలి.

ఈ వారమే ఒక మామూలు స్కెచ్‌బుక్, రెండు పెన్సిళ్లు కొనివ్వండి, 2బీ, 6బీ చాలు. రోజుకు అరగంట, ఇంట్లో కంటికి కనపడేదే వేయమనండి. చెంబు, చెప్పులు, మంచం మీద మడతపెట్టని దుప్పటి, వంటింట్లో అమ్మ. ప్రతి పేజీ కింద తేదీ వేయమనండి, నచ్చని పేజీలు చింపొద్దని చెప్పండి. మూడు నెలల తర్వాత మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చూడండి. అప్పటికీ ఆమె అరగంటను గంట చేసుకుని కూర్చుంటుంటే, ఎఫ్‌ఏడీఈఈ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టండి. ఆ పుస్తకం తీసుకుని ఇద్దరూ ఒకసారి నా దగ్గరకు రండి, ఏ బ్రాంచి పెట్టుకోవాలో కలిసి చూద్దాం.