పొయ్యి మానేసినా అమ్మకు ఆయాసం ఎందుకు తగ్గట్లేదు?

అమ్మ జన్మలో బీడీ ముట్టలేదు, గ్యాస్ వచ్చాక కట్టెల పొయ్యి కూడా మానేసింది, అయినా సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) అన్నారు, పైగా స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రాశారు, వాడాలా వద్దా అని మీరు అడిగారు. మా అమ్మదీ ఇదే జబ్బు. ఏళ్ల తరబడి కిటికీ లేని వంటింట్లో పత్తికట్టె, పిడకలు పెట్టి, ఊదుడుగొట్టంతో ఊదుతూ వండింది. బీడీ, సిగరెట్ తాగని ఆడవాళ్లకు ఈ జబ్బు రావడానికి మన దగ్గర ఆ పొగే పెద్ద కారణం.

పొగలోని నుసి లోపలికి పోయినప్పుడల్లా తెల్ల రక్తకణాలు, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్, అక్కడికి చేరతాయి. అవి వదిలే ఎలాస్టేజ్ అనే ఎంజైమ్, ఊపిరితిత్తులకు సాగే గుణాన్నిచ్చే పీచునే తెగ్గొడుతుంది. శ్వాసనాళాల గోడలు వాచి మందమవుతాయి, కఫం పెరుగుతుంది. ఏళ్ల పాటు ఇలా జరిగాక పొగ ఆగినా లోపలి వాపు పూర్తిగా చల్లారదు. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేది దీన్నే. అయినా పొగ మానడం చాలా ముఖ్యం, జబ్బు ముదిరే వేగం తగ్గుతుంది.

ఇక స్టెరాయిడ్ సంగతి. ఉబ్బసంలో ఎక్కువగా ఇసినోఫిల్స్ అనే కణాల వల్ల వాపు వస్తుంది, దానికి స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది. సీఓపీడీలో చాలామందికి అంతగా పనిచేయదు. అందుకే రక్తంలో ఇసినోఫిల్స్ చూస్తారు: మైక్రోలీటర్‌కు 300 దాటితే స్టెరాయిడ్ వల్ల లాభం ఎక్కువ, 100 లోపుంటే తక్కువ, పైగా న్యుమోనియా భయం ఉంటుంది. మా అమ్మకు 300 పైనే ఉన్నాయి కాబట్టి మొదలుపెట్టారు. మీ అమ్మగారి సీబీపీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టు తీసుకెళ్లి ఈ అంకె గురించి డాక్టర్‌ని తప్పకుండా అడగండి. కాస్త బాగుందని మీ అంతట మీరు ఆపేయకండి.

నేను అన్నిటికంటే జాగ్రత్తగా చూసేది పొద్దున్నే మా అమ్మకు పడే కఫం. మామూలుగా తెల్లగా, జిగటగా ఉంటుంది. అది పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో మారి, ఎక్కువై, బాత్రూమ్ దాకా నడిస్తేనే ఆయాసం వస్తోందంటే వాపు రాజుకున్నట్టే. ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్తాం. ఇలా ఎక్కువైన ప్రతిసారీ ఊపిరితిత్తుల శక్తి కొంత పోవచ్చు, అది మళ్లీ పూర్తిగా రాకపోవచ్చు. ఏటా ఫ్లూ టీకా, డాక్టర్ చెప్పినట్టు న్యుమోనియా టీకా వేయించండి, రోజూ ఓపికున్నంత నడిపించండి.

స్ప్రే ఇన్‌హేలర్ అయితే స్పేసర్ (నోటికీ ఇన్‌హేలర్‌కీ మధ్య పెట్టే గొట్టం) పెట్టి పీల్చమనండి, మందు గొంతులోనే ఆగిపోకుండా లోపలికి వెళ్తుంది. పీల్చిన వెంటనే నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే స్టెరాయిడ్ వల్ల నాలుక మీద తెల్లటి పూత వచ్చి అన్నం సహించకపోవచ్చు.